పద్నాలుగు మందితో ‘అబ్సలోన్ ఫీలీ మీ’ పాడొచ్చా? ఏడుపు ఎంత వినిపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండి. మీ చర్చి క్వయర్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు. 1500 ప్రాంతపు స్వరకర్త జోస్కాన్ దె ప్రే పేరుతో దొరికే ‘అబ్సలోన్ ఫీలీ మీ’ అనే లాటిన్ మోటెట్‌ని, అంటే పలు గొంతుల భక్తి పాటని, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో పాడాలని మొదలుపెట్టారు. బేస్, అంటే అట్టడుగు గొంతు పాడే మగవాళ్లు, అంత కిందికి దిగలేకపోతున్నారు. మీ డైరెక్టరుగారేమో కొడుకు పోయిన తండ్రి పాట కాబట్టి గొంతులో ఏడుపు వినపడాలి, అక్కడక్కడా లయ ఆపి పాడాలి అంటున్నారు. రెండు వారాలు అలా పాడాక అది ఏడుపులా లేదు, అందరికీ జలుబు చేసినట్టుంది అని రాశారు. చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే ఆ జలుబు మాకూ చేసింది.

ముందు జవాబు. పద్నాలుగు మంది చాలు, నిజానికి కాస్త ఎక్కువే. అచ్చులో ఉన్న శ్రుతిలోనే పాడాలనేం లేదు, మీ గొంతులకు తగ్గట్టు పెంచుకోండి. ఏడవకండి. లయ ఆపకండి. ఏడుపంతా కట్టినాయన ముందే స్వరాల్లో పెట్టేశాడు, మనం పైనుంచి మళ్లీ కలిపితే చక్కెర పాకంలో బెల్లం వేసినట్టు ఉంటుంది.

ఇక కారణాలు. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి బృందంలో తొమ్మిదేళ్లు బేస్ పాడాను, తర్వాత సికింద్రాబాద్ వచ్చి పదమూడేళ్లుగా పాడిస్తున్నాను. ఈ మోటెట్ నాలుగుసార్లు వేదికెక్కించాను. రెండుసార్లు చెడగొట్టాను. కింద రాసేదాంట్లో ఎక్కువ భాగం ఆ రెండుసార్లు నేర్పిందే.

మాట దగ్గర మొదలుపెట్టండి. పాట మొత్తంలో ఉన్నవి రెండు వాక్యాలే. ‘అబ్సలోన్ ఫీలీ మీ, క్విస్ దేత్ ఉత్ మోరియార్ ప్రో తే’, అంటే నా కుమారుడా అబ్షాలోమా, నీకు బదులు నేనే చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేది అని. తర్వాత ‘నోన్ వీవామ్ ఉల్త్రా, సెద్ దెషెందామ్ ఇన్ ఇన్ఫెర్నుమ్ ప్లోరాన్స్’, అంటే ఇక బతకను, ఏడుస్తూ పాతాళానికి దిగిపోతాను అని. చాలామంది ఇదంతా దావీదు మాటే అనుకుంటారు. మొదటి వాక్యమే దావీదుది, 2 సమూయేలు 18వ అధ్యాయం చివర్లో ఉంది. ‘ఇక బతకను’ యోబు 7వ అధ్యాయంలోది. ‘ఏడుస్తూ దిగిపోతాను’ ఆదికాండము 37లో యోసేపు అంగీ మీద నెత్తురు చూసి యాకోబు అన్న మాట. పిల్లల్ని పోగొట్టుకున్న ముగ్గురు తండ్రుల్ని ఒకే నోట్లో పెట్టారన్నమాట. యోబుకి పదిమందీ పోయారు. యాకోబు కొడుకేమో నిజానికి బతికే ఉన్నాడు, ఆ సంగతి తండ్రికి తెలీదు. దావీదు కొడుకు తండ్రి మీదే సైన్యాన్ని తెచ్చి, తండ్రి సేనాని యోవాబు చేతిలో చచ్చిపోయాడు.

ఈ మూడోది మీ వాళ్లకి వివరంగా చెప్పండి. ఆ రోజు దావీదు సైన్యం గెలిచింది. ఊరంతా పండగ చేసుకోవాల్సిన రోజు. రాజు గుమ్మం పైగదికి ఎక్కి ఏడుస్తుంటే, గెలిచిన సైనికులు ఓడిపోయినవాళ్లలా తల దించుకుని ఊళ్లోకి వచ్చారని ఆ తర్వాతి అధ్యాయంలో ఉంటుంది. మా బృందంలో కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒకావిడ ఉండేవారు. ఆవిడ మొదట ‘అంటే దశరథుడి పుత్రశోకం లాంటిదా?’ అని అడిగారు. కాసేపాగి ఆవిడే, ‘కాదండీ, ఇది ధృతరాష్ట్రుడిది’ అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. తప్పు కొడుకుదేనని తెలుసు, కొడుకు గెలిస్తే తన తల పోయేదనీ తెలుసు, అయినా ఏడుపు ఆగదు. దాన్ని ముక్కు చీదుతూ పాడితే బరువు పోతుంది. నోరు పెగలనివాడు అతి కష్టం మీద నిటారుగా నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నట్టు పాడాలి.

లయ ఎందుకు ఆపకూడదంటే, ఇది ఒక గాయకుడి పాట కాదు. నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి అదే పిలుపుతో వస్తాయి. ఒకరు ‘ఫీలీ మీ’ అని దీర్ఘం తీస్తుంటే ఇంకొకరు అప్పుడే మొదలుపెడతారు. మొదటివాళ్ల స్వరం రెండోవాళ్ల స్వరంతో కాసేపు ఒరుసుకుని, తర్వాత ఒక మెట్టు దిగి సర్దుకుంటుంది. గుండె పిండేది ఆ ఒరిపిడే. అది సరిగ్గా పడాలంటే నలుగురి కాలమూ ఒక్కటిగా ఉండాలి. సోప్రానోలు (పై గొంతు ఆడవాళ్లు) భావం కోసం అర క్షణం ఆగారంటే, టెనర్లు (పై గొంతు మగవాళ్లు) ఒరుసుకోవాల్సిన స్వరం అప్పటికే వెళ్లిపోతుంది. ఏడుపు పెంచబోయి ఉన్నది పోగొట్టుకుంటాం.

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. ‘మోరియార్’ దగ్గర పెద్దగా సాగదీయించాను, చేతులు గాల్లో తిప్పాను, కళ్లు కూడా మూసుకున్నాను. రికార్డింగ్ వింటే నాలుగు గొంతులూ బస్టాండులో తప్పిపోయిన కుటుంబంలా ఉన్నాయి.

వేగం సంగతి. 1496లో ఇటలీలో అచ్చయిన తన సంగీతశాస్త్ర గ్రంథంలో గఫూరియో, ఒక తాళపు మోత నెమ్మదిగా ఊపిరి పీల్చే మనిషి నాడిలా ఉండాలని రాశాడు. నిమిషానికి అరవై చిల్లర దెబ్బలు అనుకోండి. మీ చేయి మీ నాడి మీదే పెట్టి మొదలుపెట్టండి, అయితే టెన్షన్‌లో కాదు, నీళ్లు తాగి కూర్చున్నాక. ఈ లెక్కన పాట నాలుగు నిమిషాలకు అటూ ఇటూ అవుతుంది. ఆరు నిమిషాలు పట్టిందంటే మీరు ఏడుస్తున్నారని అర్థం. ఇంకో మాట, మన ఆదితాళంలా ఆవర్తనానికి మొదటి దెబ్బ బరువు ఇక్కడ లేదు. అసలు రాతప్రతుల్లో గీతలు కొట్టి గడులు చేయనే లేదు. ఇప్పటి అచ్చులో కనపడే గడుల గీతలు మన సౌకర్యం కోసం సంపాదకుడు పెట్టినవి. ప్రతి గడి మొదట్లో గట్టిగా కొట్టి పాడితే బ్యాండు మేళం అవుతుంది. బరువు మాటలోని ఒత్తు అక్షరం మీద పడాలి, అది ఒక్కో గొంతుకి ఒక్కో చోట వస్తుంది.

ఇప్పుడు శ్రుతి. మీరు అసలు మెలిక పడ్డది ఇక్కడే. ఈ పాట దొరికే పాత రాతప్రతి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పెట్రుస్ అలామీరె అనే ఆయన లేఖకశాలలో తయారై ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ దగ్గరికి వెళ్లిన పుస్తకం అది. (ఆ అలామీరె సంగీతం పుస్తకాలు రాయించడంతో పాటు హెన్రీకి గూఢచారి పని కూడా చేశాడు. పాటకి సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.) అందులో బేస్ గొంతు, కీబోర్డు మధ్య సి కి కాస్త కిందున్న బి ఫ్లాట్ నుంచి రెండు ఆక్టేవుల (స్థాయిల) కింది బి ఫ్లాట్ దాకా దిగుతుంది. ఆ కాలంలో పిల్లలకు నేర్పే స్వరాల పట్టికలో అట్టడుగు స్వరం గామా, అంటే మన ఇప్పటి బేస్ క్లెఫ్‌లో కింది గీత మీది జి. ఈ బి ఫ్లాట్ దానికి కూడా అయిదు మెట్లు కింద ఉంటుంది. పట్టికలో లేని చోటికి దిగిపోయాడన్నమాట. పాతాళానికి దిగుతాను అన్నవాడి పాట కదా, కావాలనే చేశాడనిపిస్తుంది. పైగా ఫ్లాట్లు (స్వరాన్ని అర స్వరం దింపే గుర్తులు) కూడా ఆ రోజుల్లో అరుదుగా కనపడేటన్ని, చివరికి జి ఫ్లాట్ దాకా వెళ్తాయి.

చూడగానే భయమేస్తుంది. కానీ 1500 ప్రాంతంలో ఎ అనే స్వరం అంటే సెకనుకి 440 కంపనాలు అని ఎవరూ నిర్ణయించలేదు. మన గాయకుడు ఒకటిన్నర శ్రుతి పెట్టుకుంటాడు, గాయని అయిదున్నర పెట్టుకుంటుంది, కృతి మారిపోయిందని ఎవరూ అనరు కదా. ఇదీ అంతే. 1540లో ఔగ్స్‌బర్గ్‌లో మొదటిసారి అచ్చువేసినప్పుడు వాళ్లే దీన్ని ఏకంగా తొమ్మిదో స్వరం పైకి జరిపేశారు. అందుకే మీకు ఇంటర్నెట్‌లో ఒక ఎడిషన్ పాతాళంలో, ఇంకొకటి ఆకాశంలో దొరికి ఉంటాయి.

మీ బృందానికి నా సలహా ఏమిటంటే రాతప్రతి శ్రుతి నుంచి అయిదో స్వరం పైకి జరపండి. అప్పుడు బేస్‌కి అట్టడుగు స్వరం ఎఫ్ అవుతుంది. మామూలు బేస్ ఉదయం పూట అయితే దాన్ని హాయిగా అందుకుంటాడు, సాయంత్రం కాఫీ తాగి అందుకుంటాడు. పై గొంతు సోప్రానోలది కాదు, ఆల్టోలది (కింది గొంతు ఆడవాళ్లది) అవుతుంది. మీ సోప్రానోలు కాస్త అలగవచ్చు. ‘పైకి వెళ్లే పాట ఇంకొకటి చేద్దామమ్మా’ అని ఒప్పించండి. ఈ పాటకి ఆ ముదురు రంగు కావాలి. మధ్య రెండు గొంతులూ టెనర్లవే, అక్కడ మీకు మగవాళ్లు చాలరు కాబట్టి కింది స్వరాలు బాగా పలికే ఒకరిద్దరు ఆడవాళ్లని రెండో గొంతులో కలపండి. గొంతుకి ముగ్గురు మించొద్దు. మిగిలిన ఇద్దరు ముగ్గురిని మానమనకండి, వేరే పాటకి వాడుకోండి.

నేను చెడగొట్టిన రెండోసారి ఇక్కడే. మొండిగా రాతప్రతిలో ఉన్న శ్రుతిలోనే పాడించాను. బేస్ ముగ్గురూ మంచివాళ్లు, ప్రయత్నించారు. కుండలో తల పెట్టి గొణిగినట్టు వచ్చింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన తర్వాత వచ్చి, ‘మైకు పోయిందా బాబూ?’ అని అడిగారు.

‘దెషెందామ్’ దగ్గర దిగే మెట్లు. పాటకి ప్రాణం ఇది. రిహార్సల్ సమయంలో సగం దీనికే ఇవ్వండి. స్థూలంగా చెప్పాలంటే, ప–గ–స అని మూడు మెట్లు దిగుతారు. ఆ కింది ‘స’ చేరగానే అది కొత్త ‘ప’ అయిపోతుంది, మళ్లీ ప–గ–స. అలా ఆధార షడ్జమే కాలికింది నేలలా జారిపోతూ ఉంటుంది. మనవాళ్లకి గ్రహభేదం గుర్తొస్తుంది. కానీ అందులో స్వరాలు అవే ఉండి ఆధారం ఒక్కటే మారుతుంది, ఇక్కడ ఒక్కో మెట్టుకి కొత్త ఫ్లాట్ ఒకటి వచ్చి చేరుతుంది. వినేవాడికి ఇల్లెక్కడో మర్చిపోయినట్టుంటుంది. పైగా ఈ వాక్యం మొత్తం రెండుసార్లు వస్తుంది. దిగిపోతాను అని ఒకసారి దిగి, లేచి, మళ్లీ దిగడం.

సమస్య ఏమిటంటే దిగే మెట్లలో ప్రతి బృందమూ కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే దిగుతుంది. ఒక్కో మెట్టులో వెంట్రుకవాసి తప్పినా పది మెట్లకి అర స్వరం పోతుంది. మేము చేసే అభ్యాసం ఇది. ముందు వెనక నుంచి ఎక్కించండి. అట్టడుగు స్వరంతో మొదలుపెట్టి అవే మెట్లు పైకి పాడాలి, స–గ–ప, ఆ ‘ప’ కొత్త ‘స’. అయిదారు రోజులు పైకే. తర్వాత అదే దారిలో కిందికి. ఎక్కిన మెట్లే దిగుతున్నాం కాబట్టి కాలు తడబడదు. దిగేటప్పుడు గొంతు తగ్గించమని చెప్పకండి, కిందికెళ్తే అదే తగ్గుతుంది. పైగా ‘ప్లోరాన్స్’ అన్న మాట దగ్గర, అంటే ‘ఏడుస్తూ’ దగ్గర, ఊపిరి మిగిలి ఉండాలి. ఒకే గొంతు పాడే ముగ్గురూ ఒకేసారి ఊపిరి తీయకుండా ఒకరి తర్వాత ఒకరు తీసుకోవాలి. ఎవరు ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో కాగితం మీద రాయించండి, ‘చూసుకుందాంలే’ అంటే ముగ్గురూ ఒకేచోట తీస్తారు.

కీబోర్డు గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను. దాన్ని మూసేయండి. కీబోర్డులోని గాంధారం సహజమైన అంతర గాంధారం కంటే 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) ఎక్కువ ఉంటుంది. ఈ పాటలో తోడు లేకుండా నిలిచే త్రిస్వరాలు (స, గ, ప ఒకేసారి) మెరవాలంటే ఆ సహజ గాంధారమే కావాలి. పాట మొదటి సగానికి ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి దాని మీద పాడించండి, గాంధారం దానంతటదే కూర్చుంటుంది. తంబూరాతో పెరిగినవాళ్లకి ఇది యూరప్‌వాళ్లకంటే తేలికని నా అనుభవం. ‘దెషెందామ్’ వచ్చేసరికి మాత్రం ఆపేయాలి, అక్కడ షడ్జమే పారిపోతుంది కదా. ఇంకో షరతు, గమకం వద్దు. కర్ణాటకం నేర్చుకున్నవాళ్లకి చేతులు కట్టేసినట్టుంటుంది. మా ఆవిడైతే (పైన చెప్పిన గాయని, నా భార్య కాదు) మొదటి నెల ‘స్వరం ఎండిపోయిన కట్టెలా ఉంది’ అని గొడవ పెట్టుకున్నారు. నాలుగు కట్టెలు ఒకచోట చేరితేనే మంట వస్తుందని నేనన్నాను. అంత గొప్ప జవాబేం కాదు, కానీ ఆ రోజుకి పనిచేసింది.

ఉచ్చారణ. ఇందులో తెలుగువాళ్లకి ఒక లాభం, మూడు చిక్కులు. లాభం ఏమిటంటే లాటిన్ త, ద మన త, ద లాగే పళ్లకి తగిలి పలుకుతాయి. ఇంగ్లీషువాళ్లు తంటాలు పడేది దీనికే. కానీ మనం ఇంగ్లీషు అక్షరాలు చూసి ‘డెట్’, ‘టే’ అనేస్తాం. తెలుగు లిపిలో ‘దేత్’, ‘తే’ అని రాసివ్వండి, గొడవ వదిలిపోతుంది. చిక్కుల్లో మొదటిది మన అజంత బుద్ధి. ‘మోరియారు’, ‘ఉతు’, ‘ప్లోరాన్సు’ అని చివర ఉకారం వచ్చి చేరుతుంది. నలుగురు నాలుగు చోట్ల ముగిస్తారు కాబట్టి ఆ ‘ఉ’లన్నీ వాన చినుకుల్లా వినిపిస్తాయి. రెండోది ‘ఫీలీ’లోని ఫ. కింది పెదవి పై పళ్లకి తగలాలి, లేకపోతే కొడుకు కాస్తా ‘పీలీ’ అవుతాడు. మూడోది ఒత్తు. ‘ఫీలీ’ రాతలో రెండూ దీర్ఘాల్లా కనపడ్డా బరువు మొదటి అక్షరం మీదే, రెండోది వదిలేయాలి. ‘దెషెందామ్’లో మధ్య అక్షరం మీద. ఇదంతా ఇటలీ చర్చి పద్ధతి ఉచ్చారణ. ఆ రోజుల్లో ఫ్రెంచి నేల గాయకులు వేరేగా పలికి ఉంటారు, మీరు అంతదూరం వెళ్లక్కర్లేదు.

కార్యక్రమ పత్రంలో ఏం రాయాలి అన్నారు. ‘జోస్కాన్ రాశాడు’ అని గట్టిగా రాయకండి. లండన్ రాతప్రతిలో ఎవరి పేరూ లేదు. 1540 అచ్చులో ఆయన పేరు వేశారు, అప్పటికి ఆయన చనిపోయి 19 ఏళ్లు. ఇది అదే కాలపు మరో స్వరకర్త పియెర్ ద లా రూ పని అనే పండితులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎవరి కోసం కట్టారనే దాని మీద కూడా ఊహలే ఉన్నాయి. 1497లో హత్యకు గురై టైబర్ నదిలో తేలిన హువాన్ బోర్జా, అంటే పోప్ 6వ అలెగ్జాండర్ కొడుకు అని కొందరు, 1506లో చనిపోయిన ఫిలిప్, అంటే హాబ్స్‌బర్గ్ రాజు మాక్సిమిలియన్ కొడుకు అని కొందరు. ‘జోస్కాన్ పేరిట ప్రసిద్ధం’ అని రాసి ఊరుకోండి. దానికంటే ముఖ్యం, పాటకి ముందు ఆ వాక్యాలు తెలుగు బైబిల్ నుంచి ఎవరో ఒకరు చదవాలి. ‘నా కుమారుడా అబ్షాలోమా’ అనే మాట మన చర్చిల్లో అందరి చెవుల్లోనూ ఉన్నదే. అది విన్నాక లాటిన్ పరాయిగా ఉండదు. చదివేవాళ్లకీ ఒక మాట చెప్పండి, వాళ్లు కూడా ఏడవకూడదు.

నాలుగు వారాలు పట్టినా మెట్లు కుదరకపోతే పట్టు పట్టకండి. ఇదే కథ మీద థామస్ టామ్‌కిన్స్ ఇంగ్లీషులో కట్టిన అయిదు గొంతుల పాట ఉంది, 1622లో అచ్చయింది. థామస్ వీల్క్స్‌ది ఆరు గొంతులది. 1612లో పద్దెనిమిదేళ్లకే చనిపోయిన ఇంగ్లండ్ యువరాజు హెన్రీ మీది దుఃఖంతో వీటికి సంబంధం ఉందని చాలామంది అనుకుంటారు. టామ్‌కిన్స్‌ది మీ బృందానికి బాగా నప్పుతుంది, మీ సోప్రానోల అలకా తీరుతుంది. పైగా అందులో ‘దావీదు విని, పైగదికి ఎక్కి ఏడ్చాడు’ అనే కథనం ముందు వస్తుంది, కాబట్టి ఎవరూ ఏమీ చదవక్కర్లేదు. ఆల్టోలు రెండు భాగాలు కావాలి, అది ఒక్కటే చూసుకోండి.

చివరిగా ఒకటి, దీని తర్వాత వెంటనే ఏ పాటా పెట్టకండి. మా మూడోసారి పాట బాగా కుదిరింది, అర స్వరం కూడా జారలేదు. కానీ కార్యక్రమం వేసినాయన దాని వెనకే డోలక్‌తో ఒక హుషారైన కీర్తన పెట్టారు. డోలక్ కుర్రాడు పాపం తన వంతు వచ్చిందనుకుని, ‘ప్లోరాన్స్’ ఇంకా గాల్లో ఉండగానే శ్రుతి చూసుకోవడానికి రెండు దెబ్బలు వేశాడు. నాలుగోసారి ఆ చోట్లో టీ విరామం పెట్టాను.